ముత్తాతగారి ఇల్లు వెతకాలంటే ముందు పక్కింటివాళ్లను వెతకండి

చాలా ఇళ్లలో ఒక మాట తరతరాలుగా నడుస్తుంటుంది. "మన అసలు ఊరు ఇది కాదురా. ముత్తాతగారు ఎక్కణ్నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అక్కడ మనకి పెద్ద ఇల్లుండేది." ఏ ఊరని అడిగితే పెదనాన్న ఒకటంటారు, మేనత్త ఇంకొకటంటుంది. ఇల్లెక్కడుండేదని అడిగితే రావిచెట్టు పక్కన అంటారు. రావిచెట్టు లేని ఊరు తెలుగునేల మీద ఎక్కడుంది?

అయినా ఆ ఇల్లున్న జాగా కనుక్కోవచ్చు. కాకపోతే చాలామంది చివర చెయ్యాల్సిన పని మొదట చేస్తారు. ఫోన్‌లో ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల సైటు మీభూమి తెరిచి ముత్తాతగారి పేరు కొడతారు, ఏమీ రాదు, అక్కడితో ఆశ వదిలేస్తారు. రాకపోవడానికి కారణం ఉంది. మన రెవెన్యూ రికార్డులు శిస్తు కోసం పుట్టినవి. పొలానికి శిస్తు ఉంటుంది కాబట్టి పొలానికి సర్వే నంబరూ పట్టాదారు పేరూ ఉంటాయి. ఇళ్లుండే జాగా, అంటే గ్రామకంఠం, మొత్తానికి కలిపి ఒకటో రెండో నంబర్లుంటాయి. అందులో ఎవరి ఇల్లు ఎక్కడో రాసి ఉండదు.

మరి పాత ఇంటిని పట్టుకునేది దేంతో? హద్దులతో. తూర్పున ఎవరు, దక్షిణాన ఏముంది, పడమర ఎవరి గోడ, ఉత్తరాన ఎవరి దొడ్డి. అందుకే ముత్తాతగారి పేరు ఎంత ముఖ్యమో ఆయన పక్కింటివాళ్ల పేర్లూ అంతే ముఖ్యం. మీవాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. పక్కింటివాళ్ల మనుమలు చాలాసార్లు ఇంకా అక్కడే ఉంటారు. కింద చెప్పబోయే ప్రతి మెట్టులోనూ ఆ పేర్ల కోసం ఒక కన్ను వేసి ఉంచండి.

1. ముందు ఇంట్లో ముసలివాళ్లను కూర్చోబెట్టండి

కాగితాలు ఇంకో పదేళ్లయినా ఉంటాయి, మనుషులు ఉండరు. కాబట్టి మొదలు ఇక్కడే. కుటుంబంలో ఎనభై దాటినవాళ్లెవరో లిస్టు రాసుకుని, వాళ్లలో ఆడవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. మగవాళ్లు పొలం ఎన్ని ఎకరాలో, కేసు ఏ కోర్టులో నడిచిందో చెబుతారు. నీళ్లు ఏ బావి నుంచి తెచ్చుకునేవాళ్లు, పిడకలు ఎవరి గోడకి కొట్టేవాళ్లు, పురుడు పోసిన మంత్రసాని ఇల్లు ఎటువైపు అన్నవి చెప్పేది అమ్మమ్మలూ నానమ్మలే. మీకు కావలసింది సరిగ్గా అదే.

"ఏ సంవత్సరంలో వచ్చేశారు నానమ్మా?" అని అడిగితే జవాబు రాదు. "నీ పెళ్లప్పటికి ఆ ఇల్లుందా?", "దివిసీమ ఉప్పెన నాటికి ఇక్కడే ఉన్నారా?", "రజాకార్ల గొడవలప్పుడు ఏ ఊళ్లో దాక్కున్నారు?" అని అడగండి. ఉప్పెన 1977 నవంబరు, పోలీసు చర్య 1948 సెప్టెంబరు. తేదీలు మీరు తర్వాత వేసుకోవచ్చు. ఇంకా ముందు తరం కబుర్లలో ధాత కరువు వస్తే అది 1876-78 నాటి సంగతి. బందరు ఉప్పెన అంటే 1864. హైదరాబాదువాళ్లు మూసీ వరదలంటే 1908.

ఫోన్‌లో రికార్డు చేసుకోండి, కానీ అడిగి చేసుకోండి. ఫోన్ ఎదురుగా పెడితే కొందరు బిగుసుకుపోతారు. అలాంటప్పుడు పాత ఫోటోల ఆల్బమ్ ఒడిలో పెట్టి, ఎవరెవరో చెప్పమంటే గంటసేపు ఆగకుండా చెబుతారు.

రెండు విషయాలు మాత్రం గట్టిగా అడగాలి, ఎందుకంటే వాటిని ఎవరూ తమంతట తాము చెప్పరు. ఒకటి దత్తత. ముత్తాతగారు దత్తు వెళ్లి ఉంటే ఇంటిపేరు మారిపోతుంది, మీరు వెతికే ఇల్లు వేరే ఇంటిపేరు మీద ఉంటుంది. రెండోది ఇల్లరికం. ఇల్లరికపు అల్లుడు ఉన్న ఇల్లు మామగారిదో అత్తగారిదో అయ్యుంటుంది, ఆయన పేరు మీద ఏ కాగితమూ ఉండదు. కొన్ని కుటుంబాల్లో ఇల్లరికం మాట ఎత్తితే ముఖాలు ముడుచుకుంటాయి. మెల్లగా అడగండి.

2. ట్రంకుపెట్టె, బీరువా అడుగు, దేవుడి గూడు

ఆస్తి కాగితాలు ఎవరి దగ్గరున్నాయో కుటుంబంలో అందరికీ తెలుసు, అడగడానికే మొహమాటం. "వాటా కోసం కాదు, ఫోటో తీసుకుని ఇచ్చేస్తాను" అని మొదటి మాటలోనే చెప్పండి. విక్రయ దస్తావేజులు, పంపకాల కాగితాలు, తనఖా పత్రాలు, వీలునామాలు, ఇంటిపన్ను రసీదులు, పాత ప్రామిసరీ నోట్లు, జాతకాలు, శుభలేఖలు, కార్డు ముక్కలు, అన్నీ పనికొస్తాయి. పోస్టుకార్డు మీద తపాలా ముద్ర కూడా ఊరి పేరు చెబుతుంది.

పాత దస్తావేజు చదవడం ఒక విద్య. భాష గ్రాంథికం, గొలుసుకట్టు రాత. కానీ నడక ఎప్పుడూ ఒకటే. మొదట తేదీ, తర్వాత "ఫలానా తాలూకా, ఫలానా సబు రిజిస్ట్రీలో చేరిన ఫలానా గ్రామ కాపురస్థులు, ఫలానా వారి కుమారుడు" అని కొనుక్కునే ఆయన వివరం. ఆ తర్వాత రాసి ఇచ్చే ఆయన వివరం. అంటే ఒక్క కాగితంలోనే రెండు తరాలు, ఊరు, తాలూకా వచ్చేశాయి. మధ్యలో సొమ్ము ముట్టిన సంగతి. చివర షెడ్యూలు. మీ నిధి అక్కడుంది:

"తూర్పు: ఫలానా వారి యింటి గోడ. దక్షిణం: రాజబాట. పడమర: ఫలానా వారి దొడ్డి. ఉత్తరం: ఊరబావికి పోవు పుంత. ఈ మధ్య గల స్థలమున్ను, అందులోని తాటాకుల యిల్లున్ను, తలుపులు ద్వారబంధములు సహా."

ఈ నాలుగు వాక్యాలు ఒక తెల్లకాగితం మీద బొమ్మగా గీయండి. మధ్యలో మీ ఇల్లు, నాలుగు దిక్కుల్లో నాలుగు పేర్లు. ఇల్లు కూలిపోవచ్చు, చేతులు మారవచ్చు, పన్ను రిజిస్టర్లో నంబరు మారవచ్చు. రాజబాటా ఊరబావీ అంత తొందరగా కదలవు. కింద సాక్షుల సంతకాలు, రాసిన ఆయన దస్తూరి కూడా వదలకండి. సాక్షులు సాధారణంగా బావమరుదులో, పక్కింటివాళ్లో అయి ఉంటారు.

తేదీలతో కొంచెం జాగ్రత్త. జాతకాల్లో, పాత కాగితాల్లో సంవత్సరాల పేర్లుంటాయి. ధాత అని ఉంటే అది 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కావచ్చు. అరవై ఏళ్ల తేడా అంటే మనిషే మారిపోతాడు, అందులోనూ మనవళ్లకి తాతల పేర్లు పెట్టే అలవాటు మనది. వేంకటసుబ్బయ్య కొడుకు సుబ్బయ్య, ఆయన కొడుకు మళ్లీ వేంకటసుబ్బయ్య. కాబట్టి తండ్రి పేరు లేకుండా ఏ పేరూ రాసుకోవద్దు. ఫసలీ లెక్క (శిస్తు సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి: ఫసలీ 1340 అంటే సుమారు 1930-31. నిజాం కాలపు కాగితాల్లో ఆజుర్, దై, బహమన్ లాంటి నెలల పేర్లు కనిపిస్తే కంగారు పడకండి, అవి అప్పటి సర్కారు వాడిన ఫసలీ నెలలు.

3. పేర్లు నోటితో దాచినవాళ్లు

కాగితం లేని ఇళ్లకి కూడా మూడు తరాల పేర్లు దొరికే చోటు ఒకటుంది. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరుసగా చదువుతారు, పెళ్లికూతురి వైపూ చదువుతారు. తద్దినాల్లో కూడా అంతే. ఈ తంతులు నడిచే కుటుంబమైతే మీ పురోహితుణ్ని అడగండి. చాలామంది తమ తండ్రుల నాటి నోటుపుస్తకాలు దాచుకుంటారు. వీడియో ఉన్న పాత పెళ్లి ఏదైనా ఉంటే ఆ ఘట్టం దగ్గర ఆపి వినండి, బాజాల మధ్య పేర్లు వినిపిస్తాయి.

పెద్దలెవరైనా కాశీ, గయ వెళ్లొచ్చి ఉంటే ఇంకో దారి ఉంది. అక్కడి పండాలు (తీర్థ పురోహితులు) తమ దగ్గరికి వచ్చిన యాత్రికుల పేర్లు, ఊళ్లు, వెంట వచ్చినవాళ్ల పేర్లు పెద్ద పుస్తకాల్లో రాయించి ఉంచుతారు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో పండా కుటుంబం ఉంటుంది. మీరు వెళ్తే పాత జిల్లా పేరు, ఊరి పేరు చెప్పండి. దక్షిణ ఎంతో ముందే మాట్లాడుకోండి, పుస్తకం తెరిచాక కాదు.

ఇక ఎక్కువమందికి గుర్తురాని దారి: కులాల వంశాలు చెప్పుకుంటూ తిరిగే ఆశ్రిత కులాలవాళ్లు. మాదిగలకి డక్కలివాళ్లు, విశ్వబ్రాహ్మణులకి రుంజవాళ్లు, పద్మశాలీలకి సాధనాశూరులూ కూనపులివాళ్లూ, గొల్లలకి మందెచ్చులవాళ్లు, రెడ్డి కాపు ఇళ్లకి పిచ్చుకుంట్లవాళ్లు. ఏయే ఊళ్లు ఏ కుటుంబం వంతు అన్నది వాళ్లలో వాళ్లకి పంపకం ఉండేది. ఇంటిపేరు, గోత్రం చెబితే ఆ ఇంటిపేరువాళ్లు ఎక్కణ్నుంచి ఎక్కడికి వచ్చారో చెప్పగలిగినవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు. పురాణం, చరిత్ర కలిపి చెబుతారు. పై తరాల సంగతి కథగా వినండి, కింది నాలుగు తరాల పేర్లు మాత్రం రాసుకోండి. ఊళ్లో మీ కులపు పెద్దని అడిగితే ఆ కుటుంబం ఇప్పుడెక్కడుందో చెబుతాడు. వచ్చినవాళ్లకి బియ్యమో బట్టలో డబ్బో ఇచ్చి పంపడం మర్యాద, అది వాళ్ల వృత్తి.

ఇంటిపేరులో ఊరి పేరు ఉంటే అది ఆధారమే, కానీ చాలా పాత ఆధారం. కొండవీటివారు ఇప్పుడు అనంతపురంలో ఉండొచ్చు. ముత్తాత ఇంటిని వెతికేవాడికి ఇంటిపేరు చూపించే ఊరు సాధారణంగా పది తరాల వెనకది. అక్కడికి పరుగెత్తకండి.

4. ఊరు ఏదో తేల్చుకోండి

లింగాపురాలు, వెంకటాపురాలు, కొత్తపల్లులు లెక్కలేనన్ని. ఊరి పేరొక్కటే సరిపోదు, పక్క ఊళ్ల పేర్లు రెండు మూడు కావాలి. "సంతకి ఎక్కడికి వెళ్లేవాళ్లు? రైలు ఎక్కడ ఎక్కేవాళ్లు? తిరునాళ్లు ఎక్కడ?" అని అడిగితే అవి వస్తాయి.

తర్వాత పాత జిల్లాని ఇప్పటి జిల్లాగా మార్చుకోవాలి. 1985లో మండలాలొచ్చాయి, అంతకుముందు తాలూకాలు, వాటిలో భాగాలుగా ఫిర్కాలు. పాత కాగితంలో "నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకా" అని ఉంటే, 1970లో అది ఒంగోలు కేంద్రంగా వచ్చిన కొత్త జిల్లాలోకి, అంటే తర్వాతి ప్రకాశంలోకి వెళ్లింది, 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది. మార్కాపురం, గిద్దలూరు వైపువాళ్లకి పాత రికార్డు కర్నూలు జిల్లా పేరు మీద ఉంటుంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లా. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి. ఇచ్ఛాపురం, టెక్కలి వైపు 1936కి ముందు కాగితాలైతే గంజాం జిల్లా అని ఉంటుంది. తెలంగాణలో ఎలగందుల అంటే కరీంనగర్, ఇందూరు అంటే నిజామాబాద్. ఇంగ్లీషు కాగితాల్లో చికాకోల్ అని కనిపిస్తే శ్రీకాకుళం, కొకనాడ అంటే కాకినాడ, బెజవాడ తెలిసిందే.

ఇంకో చిక్కు శివారు పల్లెలు. వారిపాలెం, గూడెం, పేట, ఖండ్రిక, తండా అని ఉన్నవి చాలావరకు వేరే రెవెన్యూ గ్రామంలో భాగం. మీ ముత్తాత పాలెంలో పుట్టినా రికార్డు అసలు గ్రామం పేరు మీద ఉంటుంది. దీనికి పాత మ్యాపులు బాగా పనికొస్తాయి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లు వాళ్ల పోర్టల్లో ఉచితంగా దొరుకుతాయి. అమెరికా సైన్యం 1950ల్లో వేయించిన 1:2,50,000 మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఉన్నాయి. ప్రాజెక్టులు కట్టకముందు ఊళ్లు ఎక్కడెక్కడ ఉండేవో వాటిలో కనిపిస్తుంది.

జనాభా లెక్కల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇంగ్లండు, అమెరికాల్లోలాగా మనుషుల పేర్లతో ఉన్న పాత జనాభా పట్టికలు మన దగ్గర జనానికి దొరకవు.

5. ఆఫీసుల్లో ఏం అడగాలి

అన్నింటికన్నా ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఇల్లు కొన్నా అమ్మినా తనఖా పెట్టినా, ఆ కాగితం రిజిస్టరై ఉంటే అక్కడ నకలు ఉంటుంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) సుమారు 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి చేతిరాత పుస్తకాలే. అక్కడ రెండు సూచికలుంటాయి: ఒకటి మనుషుల పేర్ల మీద, ఇంకొకటి ఆస్తుల మీద. మీ దగ్గర దస్తావేజు నంబరు లేకపోయినా పేరు, ఊరు, సుమారు సంవత్సరం చెప్పి వెతికించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తుల పుస్తకం, దాని సూచికలు ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. రిజిస్టరైన వీలునామా అయితే, రాసినవాళ్లు చనిపోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా నకలు ఇస్తారు. ఈ సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకుని వెళ్లండి, "మీకేం సంబంధం?" అనే ప్రశ్న అక్కడ మామూలే. ఊరికి దగ్గర్లో ఆఫీసు కొత్తగా వచ్చి ఉంటే పాత పుస్తకాలు పాత ఆఫీసులోనే ఉండిపోయి ఉండొచ్చు, అది ముందే కనుక్కోండి.

మీ పేరు మీద ఏమీ దొరకకపోతే పక్కింటివాళ్ల పేరు మీద వెతికించండి. వాళ్లు తమ ఇల్లు అమ్మినప్పుడో తనఖా పెట్టినప్పుడో హద్దుల్లో మీ ముత్తాతగారి పేరు రాసి ఉంటారు. ఇది పనిచేసినంతగా ఇంకేదీ పనిచేయదు.

తర్వాత రెవెన్యూ రికార్డు. ఇల్లు చూపించకపోయినా మనిషి ఆ ఊరివాడే అని రుజువు చేస్తుంది. కోస్తా, రాయలసీమల్లో అడగాల్సినవి పాత సర్వే, సెటిల్‌మెంట్ రిజిస్టర్లైన ఆర్‌ఎస్‌ఆర్, డైగ్లాట్, ఏటేటా సాగు లెక్కలైన పాత అడంగళ్లు. వీటికన్నా రుచికరమైనది 1860ల నాటి ఇనాం (మాన్యం భూముల) ఫెయిర్ రిజిస్టరు. అగ్రహారాలు, దేవాదాయాలే కాదు, చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి సర్వీసు ఇనాములు కూడా అందులో ఉంటాయి. అప్పట్లో అనుభవిస్తున్నవాళ్ల పేర్లుంటాయి. తెలంగాణలో తొలి సర్వే రిజిస్టరైన సేత్వార్, అడంగల్ లాంటిదే అయిన 1954-55 ఖాస్రా పహాణీ, దాని తర్వాతి చెస్సాలా పహాణీ. పాత సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి. ఊళ్లో ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దాయన ఎవరైనా మిగిలి ఉంటే ఆయన పక్కన కూర్చోండి. తహసీల్దారు ఆఫీసులో లేదంటే జిల్లా రికార్డు రూము, అక్కడా లేదంటే ఆర్కైవ్స్. నిజాం ప్రాంతానికి హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెవెన్యూ కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెండుచోట్లా ముందుగా అనుమతి తీసుకోవాలి. నోటిమాటగా లేదన్నప్పుడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకి 30 రోజుల గడువు ఉంది కాబట్టి కనీసం "లేదు" అన్న మాటైనా కాగితం మీద వస్తుంది.

కరణాల ఇళ్లు మరిచిపోవద్దు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు కొన్ని లెక్కలు వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయాయి. తెలంగాణలో పట్వారీ ఇల్లు, మాలీపటేల్ ఇల్లు. అటక మీద మూటగట్టి ఉన్న పాత పుస్తకం ఒక్కోసారి ఆఫీసులో చెదలు తినేసిన దానికన్నా బాగుంటుంది.

పంచాయతీలో ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టరు చూడండి. గ్రామకంఠంలో ఎవరి ఇల్లు ఏదో పేర్ల వారీగా రాసుకునే పుస్తకం అదొక్కటే. స్కూల్లో అడ్మిషన్ రిజిస్టరు చూపించమనండి. తాతగారు అక్కడ రెండో తరగతి చదివినా చాలు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ దొరుకుతాయి. హెడ్మాస్టర్లు ఈ విషయంలో చాలా దయగలవాళ్లు. సగం మంది వాళ్ల పేర్లు కూడా వెతుక్కుంటారు.

6. భూమి లేనివాళ్ల సంగతి

పైన చెప్పినదంతా ఏదో ఒక కాగితం మీద పేరు ఎక్కినవాళ్లకి. కూలి చేసుకుని బతికిన కుటుంబాల పేర్లు రెవెన్యూ రికార్డు రాయలేదు, ఆ లోటు వెతికేవాళ్లది కాదు. వాళ్లకి వేరే దారులున్నాయి. క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబాలైతే చర్చిలో బాప్తిస్మ రిజిస్టర్లు, పెళ్లి రిజిస్టర్లు. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టులు, గుంటూరు వైపు లూథరన్లు, ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో ఉన్న మెదక్ మెథడిస్టు, దోర్నకల్ ఆంగ్లికన్ చర్చిలు 19వ శతాబ్దం చివర నుంచీ, 20వ శతాబ్దం మొదట్లోనూ పల్లెపల్లెకీ వెళ్లాయి. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఆ పుస్తకాల్లో ఉంటాయి. తల్లి పేరు రాసే పాత రికార్డు ఇంకెక్కడ దొరుకుతుంది? మిషన్ బళ్ల రిజిస్టర్లు, హాస్టళ్ల పుస్తకాలు, సైన్యంలో చేరినవాళ్ల పెన్షను కాగితాలు కూడా చూడండి. ముస్లిం కుటుంబాలైతే నిఖానామాలు, దర్గా దగ్గర రాయించిన పేర్లు. ఇక డక్కలివాళ్ల సంగతి పైన చెప్పాను.

7. ఊళ్లోకి వెళ్లినప్పుడు

పండగకి ముందో పొలం పనుల మధ్యలోనో వెళ్లకండి. ఎండాకాలం సాయంత్రం మంచిది, అందరూ అరుగుల మీద ఉంటారు. కారు ఇళ్ల మధ్యకి తీసుకెళ్లకుండా టీ హోటల్ దగ్గరే ఆపండి.

ఊళ్లోవాళ్ల మొదటి అనుమానం ఒకటే: ఆస్తి కోసం వచ్చారు. రీసర్వేలు, ఇళ్ల జాగాల హక్కుపత్రాలు నడుస్తున్న రోజుల్లో అందులో తప్పేం లేదు. కాబట్టి రెండో వాక్యంలోనే చెప్పెయ్యండి: "మాకేమీ వద్దు పెద్దాయనా, మా తాతగారు పుట్టిన చోటు ఒకసారి చూసి వెళ్దామని వచ్చాం." లాయరైన బావమరిదిని వెంట తీసుకెళ్లకండి. ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లకండి. ముత్తాతగారి ఫోటో ఉంటే అది చాలు. వయసుని బట్టి పెద్దాయనా, బాబాయ్, అమ్మా అని పిలవండి. మీ ఇంటిపేరు, తాత పేరు, ముత్తాత పేరు, ఆయన్ని ఊళ్లో ఏమని పిలిచేవాళ్లో చెప్పండి. ఊరికి కాగితంలో ఉన్న పేరు తెలియదు, పిలుపు పేరే తెలుసు. పొట్టి వెంకయ్య, కొట్టు సుబ్బయ్య, రంగం (బర్మాలోని రంగూన్) పోయొచ్చిన రాములు.

ఎవర్ని అడగాలి? సర్పంచ్‌ని కాదు. ఇంటింటికీ తిరిగిన కులవృత్తులవాళ్లని: చాకలి, మంగలి కుటుంబాల పెద్దలు, పాత పోస్ట్‌మాన్, రిటైరైన మాస్టారు. పద్దెనిమిదో ఏట కోడలిగా వచ్చి తొంభై ఏళ్ల దాకా అదే వీధిలో ఉన్న ఆవిడ ఒక్కరు దొరికితే సగం పని అయిపోయినట్టే. మీరు గీసుకున్న హద్దుల బొమ్మ ఇప్పుడు బయటికి తీయండి. మీ ముత్తాత పేరు ఎవరికీ గుర్తులేకపోవచ్చు. "తూర్పు ఫలానా వారి గోడ" అన్నారనుకోండి, ఆ ఫలానా వారిల్లు ఏదో చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. అక్కడ నిలబడి పడమటికి తిరగండి.

ఇప్పుడు కళ్లతో చూడాల్సినవి. రెండు మూడు కొత్త ఇళ్ల మధ్య ఒకే వరుసలో పోతున్న పాత గోడ పునాది ఉంటే, ఒకప్పుడు అది ఒకే ఇల్లనీ అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైందనీ అర్థం. మండువా లోగిళ్లని పంచుకున్నప్పుడు మధ్య మండువాలో గోడ పెట్టడం మామూలే. రాయలసీమలో మట్టిమిద్దెలు కూలితే గట్టు మిగులుతుంది. పాత ద్వారబంధం, దూలం తీసి పశువుల కొట్టానికి వాడుకుని ఉండొచ్చు, దాని మీద చెక్కిన సంవత్సరం ఉందేమో తడిమి చూడండి. బావి పూడ్చేసినా ఆ చోట సాధారణంగా ఎవరూ ఇల్లు కట్టరు, ఖాళీగా ఉంటుంది. గుళ్లో ధ్వజస్తంభం మొదట్లో, బడి గదుల మీద, రచ్చబండ అంచున "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని ఉండే రాళ్లన్నీ ఫోటో తీసుకోండి. తర్వాత ఇంట్లో కూర్చుని చదివితే హద్దుల్లోని పేర్లు వాటి మీద కనిపిస్తాయి.

8. ఊరే లేకపోతే

శ్రీశైలం ప్రాజెక్టు కింద వంద దాకా ఊళ్లు పోయాయి, 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. నాగార్జునసాగర్, సోమశిల, మధ్య మానేరు, మల్లన్నసాగర్, పోలవరం, గండికోట ముంపువాళ్లకీ ఇదే కథ. చిత్రమేమిటంటే, ఇల్లు మునిగినవాళ్లకి రికార్డు బాగా దొరుకుతుంది. నష్టపరిహారం ఇవ్వాలి కాబట్టి ఇల్లిల్లూ కొలిచి, కట్టడమేమిటో, యజమాని ఎవరో, ఎంత ఇచ్చారో అవార్డులో (పరిహారం ఉత్తర్వులో) రాశారు. మిగతా ఊళ్లకి లేనంత వివరమైన ఇళ్ల జాబితా ముంపు ఊళ్లకుంది. భూసేకరణ విభాగంలో ఊరి పేరుతో అవార్డు నకలు అడగండి, ఆఫీసు మూసేసి ఉంటే కలెక్టరేట్‌లో. పునరావాస కాలనీలో ఊరివాళ్లంతా సాధారణంగా ఒకచోటే ఉంటారు, పాత వీధుల వరుస వాళ్ల నోట్లోనే ఉంది. వేసవిలో శ్రీశైలం నీళ్లు బాగా తగ్గితే సంగమేశ్వరం గుడి తేలినట్టే, కొన్ని ఊళ్ల మొండిగోడలూ తేలుతాయి. జాలర్లకి ఏది ఏ ఊరో తెలుసు.

9. మీరు సముద్రం దాటిన కుటుంబమైతే

మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీల్లోని తెలుగువాళ్లది తలకిందుల వెతుకులాట. అక్కడ కాగితం ఉంది, ఇక్కడి ఊరు తెలియదు. ఒప్పంద కూలీల పాసుల మీద పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలతో సహా రాశారు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. నాటాల్‌కి మొదటి ఓడ ట్రూరో 1860లో మద్రాసు నుంచే వెళ్లింది, ఆ ఓడల జాబితాలున్నాయి. ఫిజీకి మద్రాసు రేవు నుంచి 1903 తర్వాత వెళ్లారు, పాసులు అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాశాడు. దాన్ని కళ్లతో చదవకండి, గట్టిగా పైకి చదివి విశాఖ, గోదావరి జిల్లాల మనిషికి వినిపించండి. రంగం వెళ్లినవాళ్లకి ఇలాంటి పాసులు అరుదు. 1942లో కాలినడకన తిరిగొచ్చినవాళ్ల మాటలే ఆధారం.

10. దొరికాక

ఇప్పుడు అక్కడ ఉంటున్నవాళ్ల అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకండి, ఫోటో తీయకండి. పిలిచి కాఫీ ఇస్తే తాగండి. ఆ ఇంటాయన తండ్రి ఎవరి దగ్గర కొన్నాడో మాటల్లో వస్తుంది, దాంతో మధ్యలో తెగిన లింకు కలుస్తుంది. అక్కడే నిలబడి ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి, నాలుగు దిక్కులా ఇప్పుడెవరున్నారో మీ పాత బొమ్మ పక్కనే రాయండి.

ఇంటికొచ్చాక వంశవృక్షం గీసేటప్పుడు ఆడపిల్లల పేర్లు, వాళ్లని ఏ ఊరికి ఇచ్చారో తప్పక రాయండి. ప్రతి సంగతి పక్కనా అది ఎక్కణ్నుంచి వచ్చిందో చిన్నగా వేసుకోండి: దస్తావేజు, రిజిస్టరు, ఫలానా అత్తయ్య మాట. రెండు మాటలు పొసగకపోతే రెండూ ఉంచండి, ఏది నిజమో తేల్చే కాగితం రేపు ఎవరి అటక మీద నుంచైనా దిగొచ్చు. స్కాన్ చేసిన ఫైళ్లు కుటుంబంలో కనీసం ముగ్గురి దగ్గర ఉంచి, ఒక ప్రింటు ఆ ఊళ్లో మీకు సాయం చేసిన పెద్దాయనకి పంపండి. ఆయన అది నలుగురికీ చూపిస్తాడు. మీరు మర్చిపోయిన పేరు ఒకటి వాట్సాప్‌లో వస్తుంది.